సేవా క్లబ్బుల వారపు సమావేశం – మన రోగులకు దాని వలన మేలేమిటి?



వార్డుల్లో ఉన్న రోగులు, వారి బంధువులు తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "చొక్కాకు చిన్న చక్రం గుర్తు పెట్టుకొని వస్తుంటారు, వారెవరండీ? గవర్నమెంటు వారా?" కాదు. ఆ పళ్ళచక్రం రోటరీ క్లబ్బు గుర్తు. అటొకటి ఇటొకటి సింహం ముఖాలు కనిపిస్తే వారు లయన్స్ క్లబ్బు వారు. మన పట్టణాలలో వీరితో పాటు వాసవి క్లబ్బులు, జేసీలు, సంఘ కుటుంబాలకు పరిచయమున్న వైస్ మెన్ క్లబ్బులు కూడా ఉన్నాయి. ఈ సభ్యులెవరూ దీనికి జీతం తీసుకోరు. తమ షాపులు, ఆఫీసులు చూసుకుంటూనే, ఒక సాయంత్రం ఒకచోట కూర్చుని ఊరికి ఏమి అవసరమో మాట్లాడుకుంటారు.

ఆ సాయంత్రం గురించి ఆరోగ్య పత్రికలో రాయడానికి కారణం ఉంది. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో మీకు కావలసిన గ్రూపు రక్తం ఉందా లేదా అన్నది చాలాసార్లు ఇటువంటి సమావేశాల మీద ఆధారపడి ఉంటుంది.

నలుగురితో మొదలైంది

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని షికాగో నగరంలో పాల్ హారిస్ అనే లాయరు తన ముగ్గురు స్నేహితులను కలిశాడు. ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజనీరు, మరొకరు బట్టలు కుట్టించి అమ్మే వ్యాపారి. చిన్న ఊరిలో పెరిగిన హారిస్‌కు పెద్ద నగరంలో పలకరించే మనిషి లేకపోవడం కష్టంగా ఉండేదట. ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు కనుక ఆ కూటమికి రోటరీ అని పేరు వచ్చింది. మొదట్లో అది స్నేహం కోసం, వ్యాపారం కోసం పెట్టుకున్నదే. సేవ తరువాత వచ్చింది. 1907లో వారు తలపెట్టిన మొదటి ప్రజా సేవ ఏమిటో తెలుసా? నగరంలో అందరికీ పనికివచ్చే మరుగుదొడ్లు. ఆరోగ్యం గురించి ఆలోచించే మనకు ఈ సంగతి సంతోషం కలిగిస్తుంది.

మన దేశంలో మొదటి రోటరీ క్లబ్బు 1919లో కలకత్తాలో ఏర్పడింది. లయన్స్ క్లబ్బులు 1917లో, అదే షికాగోలో, మెల్విన్ జోన్స్ చొరవతో మొదలై, 1956లో ఇండియాకు వచ్చాయి. 1925లో జరిగిన లయన్స్ మహాసభలో చూపు, వినికిడి లేని హెలెన్ కెల్లర్ మాట్లాడి, అంధుల పక్షాన నిలబడమని వారిని అడిగింది. మన ఊళ్ళలో లయన్స్ వారు పెట్టే కంటి శిబిరాలకు మూలం ఆ పిలుపే. ఇక ఆడవారి విషయం. చాలా కాలం వారికి ఈ క్లబ్బుల్లో సభ్యత్వం లేదు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తరువాత, 1989లో రోటరీ ప్రపంచమంతటా తన నియమం మార్చుకుంది. ఇంత ఆలస్యం ఎందుకో అర్థం కాదు. ఏ శిబిరంలో చూసినా ముసలమ్మల చెయ్యి పట్టుకొని నడిపించేది ఎక్కువగా స్త్రీలే కదా.

ఆ గంటలో ఏమి జరుగుతుంది

ప్రెసిడెంటు బల్ల మీది గంట కొట్టి సమావేశం ప్రారంభిస్తారు. ముగించేటప్పుడూ గంటే. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు చదువుతారు. ఆలస్యంగా వచ్చినవారు పదో ఇరవయ్యో డబ్బాలో వేస్తారు. నవ్వుతూ కట్టే ఆ జరిమానా కూడా సేవకే పోతుంది. ఒక అతిథి కొద్దిసేపు మాట్లాడతారు. ఒక వారం వ్యవసాయ శాఖ అధికారి, ఇంకో వారం పిల్లల డాక్టరు. ఆ తరువాత సెక్రటరీ వచ్చిన ఉత్తరాలు చదువుతారు. రోగులకు సంబంధించినంత వరకు అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఒక్కో వృత్తి నుండి ఒక్కరిని తీసుకోవడం రోటరీ పాత పద్ధతి. ఇప్పుడు అంత పట్టింపు లేకపోయినా రకరకాల పనులవారు ఉండాలన్న ఆలోచన మాత్రం నిలిచింది. దాని ఉపయోగం చూడండి. వచ్చే ఆదివారం ఒక పల్లెలో వైద్య శిబిరం పెట్టాలని ఉత్తరం వచ్చిందనుకోండి. టెంట్ హౌస్ ఓనరు అక్కడే ఉంటారు, షామియానా, కుర్చీలు ఆయన చూసుకుంటారు. హోటలు ఆయన ఇడ్లీ పంపిస్తానంటారు. ప్రెస్ ఆయన కరపత్రాలు వేస్తారు. హెడ్మాస్టరు గారు బడి గదులు తెరిపిస్తారు. ఆఫీసుల చుట్టూ తిరిగితే పది రోజులు పట్టే పని పది నిమిషాల్లో తేలిపోతుంది.

పూర్వం హాజరు విషయంలో చాలా కచ్చితంగా ఉండేవారు. తమ క్లబ్బులో ఒక వారం తప్పితే మరే ఊరి రోటరీ సమావేశానికైనా వెళ్ళి హాజరు వేయించుకోవాలి. 2016లో నియమం సడలించారు. నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలు. కొన్ని క్లబ్బులు ఈ కొత్త పద్ధతికి మారాయి, కొన్ని వారం వారం పద్ధతినే పట్టుకున్నాయి. వారపు పద్ధతే మంచిదని మా అభిప్రాయం. కారణం రక్తం గురించి చదివితే మీకే తెలుస్తుంది.

రక్తం 35 రోజులే నిలవ ఉంటుంది

రక్తదాన శిబిరం అంటే మనకు ఆగస్టు 15 గుర్తుకు వస్తుంది. ఆ రోజు మైకులు, బ్యానర్లు, క్యూలు. ఒక పట్టణంలో ఆ ఒక్క రోజే 200 మంది రక్తం ఇచ్చారనుకుందాం. మంచిదే. అయితే లెక్క చూడండి.

సాధారణంగా వాడే సంచిలో రక్తాన్ని ఫ్రిజ్‌లో 35 రోజులు నిలవ ఉంచవచ్చు. అదనపు ద్రావణం కలిపిన సంచులలో ఎర్ర కణాలు 42 రోజులు ఉంటాయి. ఆగస్టు 15న తీసిన మామూలు సంచి సెప్టెంబరు 19 తరువాత పనికిరాదు. అప్పటికి వాడగా మిగిలినది పారవేయవలసిందే. సరే, మళ్ళీ ఇమ్మందామా? మగవారు ఒకసారి ఇచ్చిన తరువాత 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి. అంటే మగవారు నవంబరు 13 వరకు, ఆడవారు డిసెంబరు 13 వరకు ఇవ్వకూడదు. సెప్టెంబరు మూడవ వారం నుండి నవంబరు రెండవ వారం వరకు ఫ్రిజ్ ఖాళీ, ఇచ్చే మనసున్నవారి చేతులు కట్టివేసినట్లు. ఆ రోజుల్లోనే మన ప్రాంతంలో డెంగీ జ్వరాలు ఎక్కువ. ప్రసవాలు, యాక్సిడెంట్లు ఏ నెలా ఆగవు.

డెంగీలో "కణాలు పడిపోయాయి" అని కంగారు పడతారే, ఆ ప్లేట్‌లెట్లు ఇంకా తక్కువ కాలం ఉంటాయి. ఐదు రోజులే. జూలైలో పెట్టిన శిబిరం ఆగస్టు డెంగీ రోగికి ప్లేట్‌లెట్లు ఇవ్వలేదు. (రక్తస్రావం లేకుండా, అంకె తగ్గినంత మాత్రాన అందరికీ ప్లేట్‌లెట్లు ఎక్కించనవసరం లేదు. ఆ నిర్ణయం డాక్టరుకు వదలండి.)

ఇప్పుడు వారపు సమావేశం సంగతి. ఒక క్లబ్బులో సభ్యులు, వారి ఎదిగిన పిల్లలు, షాపుల్లో పనిచేసేవారు కలిసి 52 మంది మగవారు పేర్లు ఇచ్చారనుకోండి. వారానికి నలుగురు చొప్పున బ్లడ్ బ్యాంకుకు వెళ్తే 13 వారాలలో అందరి వంతూ పూర్తవుతుంది. 13 వారాలంటే 91 రోజులు. 90 రోజుల గడువు దాటింది కనుక మొదటి నలుగురూ మళ్ళీ సిద్ధం. ఆడవారికి వేరే పట్టిక పెట్టి 18 వారాలకొకసారి వంతు వేయాలి. 17 వారాలకు వేస్తే 119 రోజులే అవుతాయి, ఒక రోజు తక్కువ. ఈ పద్ధతికి మైకు, బ్యానరు అక్కరలేదు. సమావేశంలో సెక్రటరీ "ఈ వారం వంతు ఫలానావారిది" అని చదివితే చాలు. ఫోటో మాత్రం పేపర్లో రాదు.

తలసీమియా ఉన్న పిల్లలకు ఇది ప్రాణంతో సమానం. వారి ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. రెండు నుండి నాలుగు వారాలకొకసారి, ఏడాది పొడుగునా, సంవత్సరాల తరబడి ఎక్కిస్తూనే ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులు. శిబిరాలు తగ్గిపోతాయి. ఆ పిల్లవాడి తల్లి సంచి చేతబట్టుకొని ఒక బ్లడ్ బ్యాంకు నుండి మరొక దానికి తిరిగేది ఆ ఎండల్లోనే. వారానికి నలుగురి పట్టిక ఉన్న ఊరిలో ఆమెకు ఆ తిప్పలు తగ్గుతాయి.

"మా సొంతవాళ్ళ రక్తమే ఎక్కించండి"

ఈ మాట మనం రోజూ వింటాము. తెలియనివారి రక్తం అంటే భయం, అన్న రక్తమో కొడుకు రక్తమో అయితే ధైర్యం. కాని వైద్యపరంగా చూస్తే ఇది తలకిందులు. దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలోని తెల్ల కణాలు రోగి ఒంట్లో కుదురుకొని, రోగి శరీరం మీదనే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదుగా జరిగినా, జరిగితే ప్రాణాంతకం. అందుకే అటువంటి రక్తాన్ని ప్రత్యేక యంత్రంలో కిరణాలకు గురిచేసి వాడాలి. ఆ సౌకర్యం అన్ని చోట్లా ఉండదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాలు ఇది మరింతగా గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే క్షేమమైనది డబ్బు తీసుకోకుండా, ఒత్తిడి లేకుండా, క్రమంగా ఇచ్చేవారి రక్తం. తొందరలో పట్టుకొచ్చిన బంధువు తన జబ్బు సంగతి నలుగురి ముందు చెప్పలేక దాచవచ్చు. క్రమంగా ఇచ్చేవారికి దాచే అవసరం లేదు, పైగా ప్రతిసారీ పరీక్షలు జరుగుతాయి. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా, ఈ ఐదు పరీక్షలూ ప్రతి సంచికీ తప్పనిసరి.

ఇవ్వడానికి 18 ఏళ్ళు నిండాలి, 65 దాటకూడదు. మొదటిసారి ఇచ్చేవారికి 60 లోపు ఉండాలి. బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. తీసేది 350 మిల్లీలీటర్లు. 55 కిలోలు దాటినవారి నుండి 450 తీయవచ్చు. పెద్ద మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. తగ్గిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది, కణాలకు కొన్ని వారాలు పడుతుంది. "రక్తం ఇస్తే జీవితాంతం నీరసం" అన్నది వట్టి మాట. షుగరుకు మాత్రలు వాడుతూ అదుపులో ఉన్నవారు డాక్టరు సరే అంటే ఇవ్వవచ్చు. ఇన్సులిన్ వాడేవారు ఇవ్వకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. ఖాళీ కడుపుతో మాత్రం ఎవరూ రావద్దు.

కంటి శిబిరంలో రెండవ సగం

ఒకప్పుడు బడి గదుల్లోనే శుక్లాల ఆపరేషన్లు చేసేవారు. చీము పట్టి చూపు పోయిన సంఘటనలు జరగడంతో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు శిబిరంలో పరీక్ష మాత్రమే చేసి, శుక్లం ఉన్నవారిని వ్యానులో ఆస్పత్రికి తీసుకువచ్చి ఆపరేషన్ థియేటరులోనే చేస్తారు. క్లబ్బు వారు వ్యాను, భోజనం, నల్ల కళ్ళద్దాలు చూస్తారు. ఇదంతా బాగానే జరుగుతుంది. తప్పిపోయేది ఆ తరువాతి భాగం. ఇంటికి పోయిన పెద్దాయన చుక్కల మందు రెండు రోజులు వేసుకొని ఆపేస్తాడు. పరీక్షకు తిరిగి రాడు, తీసుకువచ్చేవారుండరు. ఇక్కడ ప్రతి వారం కలిసే క్లబ్బు పనికి వస్తుంది. ఆపరేషన్ అయినవారి పేర్లు సమావేశంలో చదివి, ఒక్కొక్క సభ్యుడు ఇద్దరు ముగ్గురికి ఫోను చేసి కనుక్కోవచ్చు. అడగవలసినవి మూడే: నొప్పి ఉందా, ఎర్రగా ఉందా, మొన్నటికంటే చూపు తగ్గిందా? ఏ ఒక్కదానికి "అవును" అన్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి. వచ్చే బుధవారం చెకప్ ఉంది కదా అని ఆగవద్దు.

పట్టుకుంటే వదలకపోవడం

రోటరీ 1985లో పోలియో మీద ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది. 1995లో మన దేశమంతటా పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. బూతు దగ్గర నీళ్ళు, కుర్చీలు, పిల్లలకు ఈలలు, టోపీలు, ఆ తరువాతి రోజుల్లో ఇంటింటికీ తిరగడం. పిల్లలందరికీ చుక్కలు పడితే గోడ మీద "పి", ఎవరైనా మిగిలిపోతే "ఎక్స్" అని సుద్దతో రాసేవారు. ఆ "ఎక్స్" ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళినవారే ఈ పనిని ముగింపుకు తెచ్చారు. సహజంగా వ్యాపించే పోలియో మన దేశంలో చివరిసారి 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక చిన్నపాపకు కనిపించింది. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది.

అయినా ఎందుకింకా చుక్కలు అని తల్లులు అడుగుతారు. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌లలో ఆ వైరస్ ఇంకా ఉంది. అంతేకాదు, 2016 జూన్‌లో హైదరాబాద్ మురుగునీటిలో, చుక్కల మందు నుండే మార్పు చెందిన వైరస్ దొరికింది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా వెంటనే సుమారు మూడు లక్షల మంది పిల్లలకు సూది మందు ఇచ్చారు.

అరటిపళ్ళ సేవ

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. పెద్దల పుట్టినరోజులకు క్లబ్బులవారు వార్డుల్లోకి వచ్చి పళ్ళు, రొట్టెలు పంచడం ఆనవాయితీ. మనసు మంచిదే. కాని కిడ్నీ జబ్బు ఉన్న రోగికి అరటిపండు, కొబ్బరినీళ్ళు హాని చేయవచ్చు. వాటిలోని పొటాషియం బయటకు పోక, గుండె లయ తప్పవచ్చు. షుగరు ఉన్నవారికి తీపి రొట్టె పనికిరాదు. రేపు ఉదయం ఆపరేషన్ ఉన్నవారు ఏ గంట నుండి ఏమీ తినకూడదో సిస్టరుకే తెలుసు. పంచేముందు వార్డు సిస్టరును అడిగితే ఏ మంచానికి ఇవ్వవచ్చో చెబుతారు. ఆ డబ్బుతోనే రోగి వెంట వచ్చిన సహాయకులకు ఒక పూట భోజనం పెడితే ఇంకా మేలు. మూడు రోజులుగా వరండాలో టీతోనే గడిపేస్తున్నవారు వారిలో ఉంటారు.

ఇంకొక బలహీనత ఉంది. రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో ప్రతి సంవత్సరం జూలై 1న ప్రెసిడెంటు మారతారు. ఒకరికి కంటి శిబిరాలు ఇష్టం, తరువాతి వారికి మొక్కలు నాటడం ఇష్టం. రక్తదాతల పట్టిక ఒకరి సెల్ ఫోనులో కాక, క్లబ్బు రిజిస్టరులో ఉంటేనే జూన్ 30 దాటి బ్రతుకుతుంది.

మీరు అడగాలంటే

సహాయం అడగడానికి సిగ్గుపడవద్దు. కాలిపర్, కృత్రిమ కాలు, వినికిడి యంత్రం, కొద్దికాలానికి వీల్ చైర్, బడిపిల్లల కళ్ళజోళ్ళు, ఇటువంటివి క్లబ్బుల చేతిలో ఉండే పనులు. పెద్ద ఆపరేషన్ ఖర్చు మొత్తం భరించడం వారి శక్తికి మించినది, దానికి ముందుగా ప్రభుత్వ పథకాలను విచారించండి.

రక్తం విషయంలో జాగ్రత్త. డబ్బు తీసుకొని రక్తం ఇవ్వడం మన దేశంలో 1998 జనవరి 1 నుండి నిషేధం. బ్లడ్ బ్యాంకు పరీక్షలకు, నిలవకు అయ్యే రుసుము తీసుకొని రసీదు ఇస్తుంది. అది న్యాయమే. కాని గేటు దగ్గర ఎవరైనా "డోనర్‌ను తెస్తాను, ఇంత ఇవ్వండి" అంటే ఒక్క రూపాయి ఇవ్వవద్దు, వెంటనే ఆస్పత్రి ఆఫీసులో చెప్పండి.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. రోగి పేరు, వయస్సు, ఊరు, ఐ.పి. నంబరు, ఏమి కావాలి, ఎప్పటిలోగా కావాలి అన్నవి రాయండి. డాక్టరు చీటీ, రేషన్ కార్డు జిరాక్సు జతచేయండి. ఫోను నంబరు రోగిది కాక, పగటిపూట తీసేవారిది రాయండి. చదువు రానివారు ఆస్పత్రి సోషల్ వర్కరును అడిగితే రాసిపెడతారు. క్లబ్బు సమావేశం ఏ రోజో కూడా కనుక్కోండి. మధ్యాహ్నంలోపు ఉత్తరం సెక్రటరీ చేతికి చేరితే సాయంత్రమే చదివే అవకాశం ఉంటుంది. తెల్లవారి చేరితే ఇంకో వారం ఆగవలసి వస్తుంది.